నెలసరి: తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంత స్త్రీల అనుభవం

నిర్వచనం, పరిధి

గర్భాశయం లోపలి పొర నెలకోసారి ఊడి, రక్తంతో కలిసి యోని ద్వారా బయటికి రావడం నెలసరి. ఆడపిల్లల్లో ఇది సాధారణంగా 10 నుంచి 16 ఏళ్ల మధ్య మొదలై, నడివయసులో ఆగిపోతుంది. గర్భిణిగా ఉన్న నెలల్లో రాదు, పాలిచ్చే తల్లులకు కొంతకాలం రాకపోవచ్చు. శరీర ధర్మంగా ఇది ఏ దేశపు స్త్రీకైనా ఒకటే. ఆ నాలుగైదు రోజులు స్త్రీ ఎక్కడ కూర్చోవాలి, ఏం తినాలి, ఎవరితో చెప్పుకోవాలి, దేనికి సిగ్గుపడాలి అన్నవి మాత్రం ఇంటిని బట్టి, కులాన్ని బట్టి, చేసే పనిని బట్టి మారిపోతాయి. ఈ వ్యాసం తమిళనాడు ఉత్తరపు అంచున ఉన్న తిరువళ్లూరు జిల్లాను, అందులోని తిరుత్తణి పరిసరాలను, అక్కడి తెలుగు కుటుంబాలను ప్రధానంగా తీసుకుని ఆ అనుభవాన్ని వివరిస్తుంది.

ప్రాంతం, వాడుక మాటలు

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు వివాదాన్ని తేల్చిన పటాస్కర్ సూత్రాల ప్రకారం సరిహద్దులు మార్చినప్పుడు, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అటునుంచి సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రలోకి వచ్చాయి. 1997లో పాత చెంగల్పట్టు జిల్లాను విడదీసి తిరువళ్లూరు జిల్లాను ఏర్పాటు చేశారు. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి, పొన్నేరి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సరిహద్దు మారినా వియ్యాలు మారలేదు. మేనమామ నగరిలోనో పుత్తూరులోనో ఉంటే మేనకోడలు తిరుత్తణిలో ఉంటుంది. పిల్ల పెద్దమనిషైనప్పుడు మేనమామ తెచ్చే కానుకలు, అంటే సమర్త సీరు, ఇప్పటికీ రాష్ట్రం దాటి వస్తుంది.

ముట్టు, బహిష్టు, నెలసరి, మైల, అంటు అనే మాటలు తెలుగు ఇళ్లలో వినిపిస్తాయి. పేరెత్తకుండా ‘బయట ఉంది’, ‘దూరంగా ఉంది’ అనడమే ఎక్కువ. ఇరుగుపొరుగు తమిళ కుటుంబాల్లో ‘తీట్టు’, ‘వీట్టుక్కు తూరం’ అంటారు. మొదటిసారి వచ్చినప్పుడు తెలుగువారు ‘పెద్దమనిషయింది’, ‘సమర్తాడింది’ అంటారు. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అందువల్ల ఈ తరం తెలుగు పిల్లలు శరీరం గురించిన పాఠం తమిళంలో చదువుతారు, అమ్మ, అమ్మమ్మ చెప్పే కట్టుబాట్లు తెలుగులో వింటారు.

శరీరంలో జరిగేది

మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీ గ్రంథి ఇచ్చే సంకేతాలతో అండాశయంలో ఒక అండం ఎదుగుతుంది. ఆ దశలో ఈస్ట్రోజెన్ వల్ల గర్భాశయపు లోపలి పొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ ఆ పొరను గర్భానికి అనువుగా నిలుపుతుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ పడిపోతాయి, పొర ఊడిపోతుంది. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు లెక్కిస్తే పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజులు మామూలు. రక్తస్రావం 2 నుంచి 7 రోజులు ఉంటుంది. సగటున 30–40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది, 80 దాటితే అధిక రక్తస్రావం. మొదలైన ఒకటి రెండేళ్లలో చక్రం క్రమం తప్పడం సహజం.

కడుపునొప్పికి ప్రధాన కారణం ప్రోస్టాగ్లాండిన్లు. ఇవి గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగిసేలా చేస్తాయి. నడుమునొప్పి, వాంతులు, విరేచనాలు కూడా వీటివల్లే. మొదటి రెండు రోజుల్లో తగ్గిపోయే నొప్పి ఒక రకం. ఎండోమెట్రియోసిస్, గర్భాశయ గడ్డలు, కటి భాగంలో ఇన్ఫెక్షన్ వల్ల వచ్చేది మరొక రకం. నానాటికీ పెరగడం రెండో రకం లక్షణం. ‘ఆడదానికి నొప్పి మామూలే’ అనే మాట ఈ రెండింటి మధ్య తేడాను చెరిపేస్తుంది. చికిత్స ఆలస్యం కావడానికి ఈ ఒక్క మాట చాలు.

చరిత్ర

ముట్టును అశుద్ధంగా చూడటానికి ఆధారంగా పండితులు తరచు చెప్పే కథ తైత్తిరీయ సంహితలో ఉంది. విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడు బ్రహ్మహత్యా పాపాన్ని భూమికి, చెట్లకు, స్త్రీలకు పంచాడనీ, స్త్రీల వాటా ముట్టుగా మారిందనీ ఆ కథ. రజస్వల పాటించవలసిన నియమాలను ధర్మశాస్త్రాలు వివరించాయి. 18వ శతాబ్దిలో తంజావూరులో త్ర్యంబక యజ్వ రాసిన స్త్రీధర్మ పద్ధతి వాటిని ఒకచోట చేర్చింది. ఇవి అగ్రవర్ణ గృహిణిని ఉద్దేశించిన నియమాలు. పొలంలో నాట్లు వేసే స్త్రీకి వాటిలో సగం ఏనాడూ వర్తించలేదు.

1909లో ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సహాయంతో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాల్లో అనేక తెలుగు, తమిళ కులాల సమర్త ఆచారాలు నమోదయ్యాయి. వేరే గుడిసె, పచ్చి ఆకులు, ఇనుప ముక్క దగ్గర ఉంచడం, మేనమామ పాత్ర వంటివి అందులో పదేపదే కనిపిస్తాయి. అప్పటికి బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్లి చేయాలన్న పట్టుదల ఉండేది. మిగతా చాలా కులాల్లో పెద్దమనిషయ్యాకే పెళ్లి మాట. అందుకే ఒక ఇంట్లో సమర్త కాపురానికి పంపే ముహూర్తమైతే, మరో ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉందని ఊరికి చెప్పే సందర్భమైంది. సమ్మతి వయసును 10 నుంచి 12కు పెంచిన 1891 చట్టం, ఆడపిల్ల పెళ్లి వయసును 14గా నిర్ణయించిన 1929 శారదా చట్టం రజోదర్శనానికీ (మొదటి నెలసరికీ) పెళ్లికీ ఉన్న ముడిని క్రమంగా వదులు చేశాయి.

తెలుగులో ఈ విషయాన్ని స్త్రీలే వైద్య దృష్టితో రాసుకున్న పుస్తకాల్లో ముఖ్యమైనది, 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన కృషి ఫలితమది.

మొదటి నెలసరి, సమర్త

లోదుస్తుల మీద మరక చూసి, ఏదో దెబ్బ తగిలిందనో, జబ్బు చేసిందనో భయపడటం చాలామంది స్త్రీలు చెప్పే మొదటి జ్ఞాపకం. దేశంలో జరిగిన 138 అధ్యయనాలను కలిపి 2016లో వెలువరించిన సమీక్షలో, రజోదర్శనానికి ముందే దాని గురించి తెలిసిన పిల్లలు సగానికి తక్కువే (48 శాతం) అని తేలింది. అమ్మకు చెబితే మొదట వచ్చే మాట తరచు ‘అక్కడే కూర్చో, ఏమీ ముట్టుకోకు’ అన్నది. జరిగిందేమిటో ఆ తర్వాతే వివరిస్తారు, ఒక్కోసారి ఎన్నటికీ వివరించరు.

తిరుత్తణి వైపు ఇళ్లలో తెలుగు, తమిళ ఆచారాలు కలిసిపోయాయి. పిల్లను ఇంట్లో ఒక మూలనో వసారాలోనో చాప మీద కూర్చోబెడతారు. పళ్ళెం, గ్లాసు, దుప్పటి వేరు. మేనమామ పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కడతాడు. నగర ఇళ్లలో అది నాలుగు మట్టలు గోడకు చేర్చి పెట్టడంతో సరిపోతుంది. రోజూ వచ్చే ముత్తయిదువలు పసుపు నీళ్లు పోసి, హారతి ఇచ్చి, తినడానికి ఏదో ఒకటి తెస్తారు. నువ్వులు, బెల్లం దంచి చేసిన చిమ్మిలి తెలుగువారిది. పిట్టు, మినుముల కళి తమిళ ఇళ్లవి. కళిలో తాటిబెల్లం, నువ్వులనూనె దండిగా వేస్తారు. నడుముకు బలమని పెద్దవాళ్ల నమ్మకం. ఇనుము, మాంసకృత్తులు, కొవ్వు ఉన్న ఆహారం కాబట్టి ఎదిగే పిల్లకు మంచిదే. కొన్ని ఇళ్లలో పిల్లకు ఏ పనీ చెప్పకుండా, అడిగింది వండిపెట్టే రోజులు జీవితంలో ఇవే.

5, 7, 9, 11 వంటి బేసి రోజున స్నానం చేయించి, పట్టుచీర కట్టి, నగలు పెట్టి పేరంటం చేస్తారు. తమిళంలో ఇదే మంజళ్ నీరాట్టు విళా. మేనమామ పళ్ళేల్లో చీర, పూలు, పళ్లు, మిఠాయిలు తెస్తాడు. స్థోమత ఉన్నవారు కల్యాణ మండపం తీసుకుంటారు. వీధి మొగలో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడతారు. చదివింపులు రాసుకుంటారు. పెళ్లి అంత ఖర్చు కాకపోయినా, అప్పు చేసే కుటుంబాలున్నాయి.

పిల్ల అనుభవం ఇందులో ఒకే రకంగా ఉండదు. కొత్త చీర, అందరి శ్రద్ధ ఆనందాన్నిస్తాయి. అదే సమయంలో తన శరీరంలో జరిగింది ఊరందరికీ, క్లాసులో మగపిల్లలకు కూడా తెలిసిపోయిందన్న కుంచించుకుపోయే భావమూ ఉంటుంది. వేడుక తర్వాత చాలా ఇళ్లలో సైకిలు, ఆటలు, మగపిల్లలతో మాటలు తగ్గిపోతాయి. ఇది పిల్లను గౌరవించే వేడుక అని కొందరు తల్లులు, పెళ్లికి సిద్ధంగా ఉందని చాటడమే కదా అని స్త్రీవాదులు వాదిస్తారు. పిల్లను అడిగి చేసిన వేడుకకూ, అడగకుండా చేసిన దానికీ తేడా ఉంటుంది. ఇప్పుడు కొందరు అమ్మాయిలు వద్దంటున్నారు, కొన్ని కుటుంబాలు వింటున్నాయి.

నెలనెలా పాటింపులు

మూడు రోజులు వంటింట్లోకి, పూజ గదిలోకి వెళ్లకపోవడం, ఊరగాయ జాడీ ముట్టకపోవడం, తులసి, కరివేపాకు, మల్లె చెట్ల దగ్గరికి పోకపోవడం, తలలో పూలు పెట్టుకోకపోవడం, నాలుగో రోజు తలస్నానం చేసి పక్కబట్టలు తడిపేయడం సాధారణ పాటింపులు. ముట్టుకుంటే ఊరగాయ బూజు పడుతుందనడానికి, మల్లె వాడిపోతుందనడానికి ఆధారం లేదు. ఆవడి, అంబత్తూరు వైపు రెండు గదుల ఇళ్లలో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే చోట, ఇవన్నీ తగ్గి పూజ గది ఒక్కటే మిగిలింది. అత్తగారు ఊరి నుంచి వచ్చిన వారంలో మళ్లీ పెరుగుతాయి. అప్పుడు ఇంట్లో పిల్లలకూ మరిదికీ కూడా ఆమె తేదీ తెలిసిపోతుంది. చాలామంది కోడళ్లను ఎక్కువగా బాధించేది ఈ బహిరంగతే.

దూరంగా ఉండటం విశ్రాంతి కోసమే పెట్టారన్న వాదన తరచు వినిపిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో గంజి వార్చడం, నీళ్లు మోయడం, రోలు తిప్పడం నుంచి మూడు రోజులు తప్పించుకున్నామని పెద్ద వయసు స్త్రీలు నిజంగానే చెబుతారు. అయితే వంటకు మరో ఆడమనిషి ఉన్న ఇంట్లోనే ఇది సాధ్యం. పైగా ఆ మూడు రోజులూ పొలం పనులు, బట్టలు ఉతకడం చాలాచోట్ల తప్పేవి కావు. ఒంటరి కాపురాల్లో, కూలి ఇళ్లలో ఆ విశ్రాంతి లేదు. ఇరుళర్, అరుంధతియార్ వర్గాల కూలి స్త్రీలు ఆ రోజుల్లోనూ ఇటుక బట్టీలకు, చెరకు తోటలకు వెళ్తారు.

వేరుగా ఉంచడం ప్రాణం మీదికి తెచ్చిన సందర్భమూ తమిళనాడులో ఉంది. 2018 నవంబరులో గజ తుపాను సమయంలో తంజావూరు జిల్లాలో, మొదటి నెలసరి వచ్చిందని వేరే గుడిసెలో పడుకోబెట్టిన బాలిక కొబ్బరిచెట్టు విరిగిపడి చనిపోయింది. నేపాల్‌లో ఇలాంటి గుడిసెల్లోకి పంపే ఛౌపడి ఆచారాన్ని 2017 చట్టం నేరంగా ప్రకటించింది.

గుడి, వ్రతం, వాయిదా మాత్రలు

తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడికి 365 మెట్లు. ఆడికృత్తికకు కావడి మొక్కు ఉన్న ఇళ్లలో స్త్రీలు తేదీలు లెక్క పెట్టుకుంటారు. వ్రతం మధ్యలో నెలసరి వస్తే మొక్కు తప్పిందన్న బెంగ, ఇంట్లో మిగతావారి మడి చెడిందన్న నింద, రెండూ ఆమె మీదే పడతాయి. అందువల్ల పండుగలకు, పెళ్లిళ్లకు, తిరుమల ప్రయాణాలకు ముందు మందుల షాపులో ‘వాయిదా మాత్ర’ అడగడం మామూలైంది. ఇది నార్‌ఎథిస్టిరోన్ అనే ప్రొజెస్టిరోన్ తరహా మందు. నెలసరి రావడానికి మూడు రోజుల ముందు మొదలుపెడితే లోపలి పొర నిలిచి ఉంటుంది. మాత్ర ఆపిన రెండు మూడు రోజులకు స్రావం మొదలవుతుంది. రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది ప్రమాదం. పార్శ్వపు తలనొప్పి ఉన్నవారు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. చీటీ లేకుండా, పక్కింటావిడ చెప్పిందని, ఏడాదికి నాలుగైదుసార్లు వేసుకోవడం మంచిది కాదు.

ఇదే పాత చెంగల్పట్టు జిల్లాలో దీనికి పూర్తి భిన్నమైన క్షేత్రం ఉంది. మేల్మరువత్తూరు ఆదిపరాశక్తి పీఠంలో స్త్రీలే గర్భగుడిలోకి వెళ్లి పూజ చేస్తారు, నెలసరి అడ్డంకి కాదు. ఈ పద్ధతిని నెలకొల్పిన బంగారు అడిగళార్‌కు 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2023 అక్టోబరు 19న మరణించారు. ఎర్రచీర కట్టి, ఇరుముడి పెట్టుకుని వెళ్లే వారిలో తెలుగు స్త్రీలు చాలామంది ఉన్నారు. శతాబ్దాల నియమమని ఇంట్లో పాటించే స్త్రీయే అక్కడ ఏ భయమూ లేకుండా అమ్మవారిని తాకుతుంది. ఆచారం మారలేనిది కాదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. అస్సాంలోని కామాఖ్యలో, కేరళలోని చెంగన్నూరులో దేవి నెలసరినే ఉత్సవంగా జరుపుతారు. శబరిమలలో 10–50 ఏళ్ల స్త్రీల ప్రవేశ నిషేధాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 28న కొట్టివేసింది. ఆ తీర్పుపై సమీక్ష పిటిషన్లు వచ్చాయి.

భావాలు

నెలసరికి ముందు రోజుల్లో చిరాకు, ఏడుపు రావడం, రొమ్ములు సలపడం, నిద్ర పట్టకపోవడం హార్మోన్ల మార్పుల వల్ల కలుగుతాయి. కొద్దిమందిలో ఇది తీవ్రమైన నిరాశగా మారుతుంది, దానికి చికిత్స ఉంది. ‘ఆ రోజుల కోపం’ అని ఇంట్లో కొట్టిపారేయడం వల్ల ఆమె చెప్పే న్యాయమైన ఫిర్యాదు కూడా వినబడకుండా పోతుంది.

అదే రక్తం ఒకరికి ఊరట, ఒకరికి దుఃఖం. ఇక పిల్లలు వద్దనుకున్న తల్లికి తేదీకి రావడం పెద్ద నిశ్చింత. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండని స్త్రీకి ప్రతి నెలసరీ ఓటమిలా తోస్తుంది. ఆమె ‘బయట’ కూర్చోవడం చూసి ఇంట్లోవాళ్లు నిట్టూర్చే చోట ఆ దుఃఖం రెట్టింపవుతుంది. తేదీ తప్పకుండా రావడాన్ని ఆరోగ్యంగా, తన శరీరం తన మాట వింటున్నట్టుగా భావించే స్త్రీలూ ఉన్నారు.

బడిపిల్లల్లో ముందుండేది మరక భయం. 2017లో తిరునెల్వేలి జిల్లాలో, తరగతిలో మరక విషయమై అవమానం పాలైన 12 ఏళ్ల బాలిక ప్రాణం తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో కోయంబత్తూరు జిల్లాలో ఎనిమిదో తరగతి బాలికను నెలసరిలో ఉందని తరగతి బయట మెట్ల మీద కూర్చోబెట్టి పరీక్ష రాయించారు. ప్రధానోపాధ్యాయురాలిని సస్పెండ్ చేశారు. రెండు చోట్లా పిల్లను గాయపరిచింది చుట్టూ ఉన్న పెద్దల ప్రవర్తనే.

పని, ప్రయాణం

తిరుత్తణి, తిరువళ్లూరుల నుంచి వేలమంది స్త్రీలు చెన్నైకి లోకల్ రైళ్లలో వెళ్లి పనిచేస్తారు. ఆ రైళ్లలో మరుగుదొడ్డి ఉండదు. తెల్లవారుజామున ఇల్లు వదిలిన స్త్రీ, ఆఫీసు చేరేదాకా ప్యాడ్ మార్చుకోలేదు. రద్దీలో నిలబడి, వెనుక చున్నీ సర్దుకుంటూ, నీళ్లు తాగకుండా ప్రయాణిస్తుంది. నీళ్లు తగ్గించడం, మూత్రం ఆపుకోవడం మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు దారితీస్తాయి.

ఫ్యాక్టరీ వరుసల్లో మరుగుదొడ్డికి వెళ్లడానికి సూపర్‌వైజరును అడగాలి. పొలాల్లో, బట్టీల్లో అడగడానికి మరుగుదొడ్డే ఉండదు. తమిళనాడు వస్త్ర పరిశ్రమలో నొప్పి అన్న స్త్రీలకు పేరులేని మాత్రలు ఇచ్చి పని చేయిస్తున్నారని 2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ పరిశోధన బయటపెట్టింది. సెలవు విషయంలో బీహార్ 1992లోనే తన మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజులు ఇచ్చింది. కేరళ 2023లో విశ్వవిద్యాలయ విద్యార్థినులకు హాజరు సడలింపు ఇచ్చింది. కర్ణాటక మంత్రివర్గం 2025లో నెలకొక రోజు జీతంతో కూడిన సెలవును ఆమోదించింది. రోజుకూలికి ఇవేవీ అందవు.

సాధనాలు, పథకాలు

పాత నూలుచీర మడతలే నిన్నమొన్నటి దాకా ప్రధాన సాధనం. గుడ్డ చెడ్డది కాదు. సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేస్తే సురక్షితమే. సిగ్గుతో స్నానాలగది మూల, మరో బట్ట కింద దాచి ఆరవేయడం వల్ల తడి పోదు, ఇన్ఫెక్షన్లు వస్తాయి.

తమిళనాడు 2012లో మొదలుపెట్టిన పుదుయుగం పథకం కింద 10–19 ఏళ్ల బాలికలకు రెండు నెలలకోసారి ఆరేసి ప్యాడ్ల పొట్లాలు మూడు, ఉచితంగా ఇస్తారు. ప్రభుత్వాసుపత్రిలో ప్రసవించిన తల్లులకు, మహిళా ఖైదీలకు కూడా ఇది వర్తిస్తుంది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ 2021లో ‘స్వేచ్ఛ’ పేరుతో ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12వ తరగతి బాలికలకు నెలకు 10 ప్యాడ్లు ఇవ్వడం ప్రారంభించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–24 ఏళ్ల వారిలో పరిశుభ్రమైన సాధనాలు వాడేవారు దేశం మొత్తం మీద 2015–16లో సుమారు 58 శాతం, 2019–21లో సుమారు 78 శాతం. తమిళనాడు ఈ విషయంలో ముందువరుస రాష్ట్రాల్లో ఉంది. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం తయారుచేసిన చవక ప్యాడ్ల యంత్రం స్వయం సహాయక బృందాలకు చేరింది. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ప్యాడ్లపై 12 శాతం జీఎస్టీని 2018 జులైలో ఎత్తివేశారు.

వాడిన ప్యాడ్‌ను ఏం చేయాలన్నది ఇంకా తేలని సమస్య. కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పినా, చెరువు గట్లు, బడి మరుగుదొడ్ల గొట్టాలు వాటితో నిండుతున్నాయి. చెత్తబుట్ట లేని బడిలో పిల్ల చేయగలిగింది తక్కువ.

ముట్లుడగడం

భారతీయ స్త్రీలలో నెలసరి సగటున 46–48 ఏళ్ల మధ్య ఆగిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, యోని పొడిబారడం, మతిమరుపు, కీళ్లనొప్పులు కొన్నేళ్లు ఉండవచ్చు. ఆచారాలు పాటించే ఇళ్లలో ఈ దశ స్వేచ్ఛగా తోస్తుంది. ఎప్పుడైనా గుడికి పోవచ్చు, పసుపు కొట్టవచ్చు, పెళ్లిపనుల్లో ముందుండవచ్చు. సంప్రదాయంలో పెద్దరికం దక్కేదీ అప్పుడే.

దానికి ముందు, నలభైల్లో, విపరీతంగా రక్తం పోయే నెలలు కొందరికి వస్తాయి. ‘గర్భసంచి తీయించేస్తే బాధ పోతుంది’ అన్న సలహా ఇరుగుపొరుగు నుంచే వస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశ సగటున 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అధిక రక్తస్రావమే ఎక్కువమంది చెప్పిన కారణం. మాత్రలు, హార్మోను పూసిన లూప్ వంటివి ముందు ప్రయత్నించదగ్గ మార్గాలు. అండాశయాలను కూడా తీసేస్తే ముట్లుడిగే ఇబ్బందులు ఒక్కసారిగా మీద పడతాయి.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, 16 ఏళ్లు వచ్చినా నెలసరి మొదలుకాకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. నెలసరి ఆగి ఏడాది దాటాక రక్తం ఒక చుక్క కనబడినా ‘మళ్లీ వచ్చిందిలే’ అనుకోకూడదు. చాలాసార్లు కారణం చిన్నదే అయినా, గర్భాశయ క్యాన్సర్‌కు మొదటి గుర్తు కూడా అదే కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి.